క్రీము డబ్బా వెనక "ఐసోప్రొపైల్ మిరిస్టేట్" అని కనిపిస్తే ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ, బెజవాడలో అంతకంటే ముందే మొహాలు పేలుతాయి. పోయిన వేసవిలో మా అక్క కూతురు గుంటూరు నుంచి వచ్చింది. బ్రాడీపేటలో కోచింగు, రోజూ స్కూటీ, మొహానికి చున్నీ, దాని మీద హెల్మెట్. ఇంట్లో అడుగుపెట్టి చున్నీ విప్పగానే "పిన్నీ, ఒకసారి ఇది చూడు" అంది. నుదుటి మీద, దవడ పక్కన ఆవగింజలంత గుల్లలు. ఎరుపు లేదు, నొప్పి లేదు. చేత్తో తడిమితే మాత్రం గరుకు కాగితంలా తగులుతున్నాయి. ఎవరో స్నేహితురాలు చెబితే నెల కిందట కొత్త క్రీము మొదలుపెట్టిందట. రాసుకుంటే జిడ్డే అనిపించదని, పౌడరు అద్దుకున్నంత హాయిగా ఉంటుందని పొగిడింది కూడా.

డబ్బా తిప్పి చూశాను. నీళ్ళ తర్వాత రెండో పేరే ఐసోప్రొపైల్ మిరిస్టేట్.

ఆ పేరు చదివి వినిపించగానే "అమ్మో, కెమికల్!" అని డబ్బా చెత్తబుట్టలో వేయబోయింది. ఆగమన్నాను. ఇంటర్ పిల్లలకి ఇరవై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కెమికల్ అన్న మాటని తిట్టులా వాడితే ఊరుకోలేను. ఆ క్రీము దాని మొహానికి పనికిరాదన్నది నిజమే. కాకపోతే అది చెప్పిన కారణానికి కాదు. ఆ మధ్యాహ్నం దానికి చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ చెబుతాను. మీ డబ్బా కూడా పక్కన పెట్టుకుని చదవండి.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి

ముందువైపు ఉన్న పువ్వులు, కలబంద బొమ్మలు, "నేచురల్" అన్న ఆకుపచ్చ అక్షరాలు, వాటి జోలికి వెళ్ళకండి. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకీ కష్టమే. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బీసెంట్ రోడ్డు షాపులో నిలబడి ఈ పని చేస్తే అబ్బాయి వింతగా చూస్తాడు. చూడనివ్వండి, డబ్బులు మీవి.

మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఈ జాబితాకి ఒక క్రమం ఉంది. ఒక శాతం కన్నా ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి చివర్లో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. 60 మిల్లీలీటర్ల కన్నా తక్కువున్న ద్రవాలకీ, 30 గ్రాముల కన్నా తక్కువున్న క్రీములకీ జాబితా రాయకపోయినా ఫరవాలేదని మినహాయింపు ఉంది. కిరాణా కొట్లో దండలా వేలాడే చిన్న ప్యాకెట్ల మీద మీకు ఏమీ కనపడకపోవడానికి కారణం అదే. అలాంటప్పుడు అదే సరుకు పెద్ద సైజు డబ్బా అడిగి, దాని వెనక చదివి, తర్వాత చిన్నది కొనుక్కోండి.

బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ, ఈ మూడూ లేని డబ్బా అయితే జాబితా చదివే శ్రమ కూడా అక్కర్లేదు. అక్కడే వదిలేయండి.

పేరుని రెండు ముక్కలు చేయండి

ఇలాంటి పేర్లు పాములా పొడవుగా ఉంటాయి గానీ, విరిస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది.

మిరిస్టేట్ అంటే మిరిస్టిక్ ఆమ్లం నుంచి వచ్చింది. ఆ పేరు ఎక్కడిదనుకుంటున్నారు? జాజికాయ నుంచి! జాజికాయ చెట్టు శాస్త్రీయ నామం మిరిస్టికా ఫ్రాగ్రాన్స్. 1841లో లయన్ ప్లేఫేర్ అనే రసాయన శాస్త్రవేత్త జాజికాయ కొవ్వులోంచి ఈ ఆమ్లాన్ని వేరు చేశాడు. మొటిమ వస్తే సానరాయి మీద జాజికాయ అరగదీసి చుక్కలా పెట్టేది మా నాయనమ్మ. మొటిమలు తెప్పిస్తుందని ఇవాళ అందరూ తిట్టే పదార్థంలో సగం పేరు ఆ జాజికాయదే అంటే ఆవిడ నమ్మేది కాదు. 14 కార్బన్లు వరసగా ఉండే ఈ కొవ్వు ఆమ్లం కొబ్బరినూనెలోనూ ఉంది, దాదాపు ఐదో వంతు. ఫ్యాక్టరీలకి కావలసింది ఎక్కువగా కొబ్బరినూనె, పామ్ గింజల నూనెల నుంచే వస్తుంది.

ఐసోప్రొపైల్ అన్న ముక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది. ఇంజెక్షన్ వేసే ముందు నర్సు దూదితో చల్లగా తుడుస్తుందే, చాలాచోట్ల అదే. మూడు కార్బన్లు. ఇది మామూలుగా పెట్రోలియం వైపు నుంచి వస్తుంది.

ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నీ కలిపి, కాస్త ఉత్ప్రేరకం వేసి వేడి చేస్తే, రెండూ చేతులు కలుపుకుని మధ్యలోంచి ఒక నీటి అణువుని బయటికి తోసేస్తాయి. మిగిలేది ఎస్టర్. 14కి 3 కలిపితే 17 కార్బన్ల పలచని నూనె. రంగు లేదు, వాసన దాదాపు లేదు, నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. అంటే సగం కొబ్బరిచెట్టు, సగం పెట్రోలు బావి. దీన్ని "సహజం" అనలేం, "విషం" అని కూడా అనలేం. అమెరికాలో కాస్మెటిక్ పదార్థాలను పరిశీలించే నిపుణుల బృందం 1982లోనే దీన్ని వాడుకలో ఉన్న తీరులో భద్రమైనదని తేల్చింది. అక్కడ భద్రం అంటే ఒంటికి హాని చేయదని. మీ నుదుటి మీద గుల్లలు రావని వాళ్ళు ఎవరికీ మాట ఇవ్వలేదు.

రెండు పొరపాట్లు మాత్రం చేయకండి. ఐసోప్రొపైల్ అన్న మాట చూసి ఇది చర్మాన్ని ఎండగొట్టే స్పిరిట్ అనుకోవద్దు. ఎస్టర్ అయ్యాక ఆ స్పిరిట్ గుణం పోతుంది, అది నూనెలాగే ప్రవర్తిస్తుంది. రెండోది, ఒక్క పేరే వెతికి లేదని సంబరపడొద్దు. దీనికి అన్నదమ్ములున్నారు: ఐసోప్రొపైల్ పామిటేట్, ఐసోప్రొపైల్ ఐసోస్టియరేట్, మిరిస్టైల్ మిరిస్టేట్. గుల్లల విషయంలో వీళ్ళు కూడా అనుమానితులే. జాబితాలో ఒకరు లేకపోతే మరొకరు కూర్చుని ఉంటారు.

అది క్రీములో చేసే ఉద్యోగం

దీన్ని ఎమోలియెంట్ అంటారు, చర్మాన్ని మెత్తబరిచేది. మన చర్మం పై పొరని పాత పెంకుటింటి కప్పులా ఊహించుకోండి. తడి ఆరిపోతే పెంకుల అంచులు లేస్తాయి, చేయి వేస్తే గరుకు. ఎమోలియెంట్ ఆ పెంకుల సందుల్లోకి జారి అంచులను అణుస్తుంది. నున్నగా అనిపిస్తుంది. గ్లిజరిన్ పని వేరు, అది నీటిని లాగి పట్టుకుంటుంది. వాసెలిన్ పని ఇంకా వేరు, అది మూతలా కూర్చుని లోపలి తడి ఆవిరైపోకుండా ఆపుతుంది. ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌కి ఆ రెండు పనులూ అంతంత మాత్రమే. దాని గొప్పంతా పలచదనంలో ఉంది. చుక్క వేస్తే చెంపంతా పరుచుకుంటుంది, బరువు తెలియదు. జిడ్డుగా ఉండే క్రీములో దీన్ని కలిపితే ఆ జిడ్డు కూడా పలచబడుతుంది. "జిడ్డే లేదు పిన్నీ" అని మా పిల్ల మెచ్చుకున్నది దీన్నే.

ఇంకో గుణం ఉంది. గుంటూరువాళ్ళకి దాన్ని చెప్పడం తేలిక. మిర్చి యార్డులో పనిచేసేవాళ్ళని అడగండి, చేతులు మండుతుంటే ఉత్త నీళ్ళతో కడిగితే ఏమవుతుందో. మంట ఇంకా పాకుతుంది. ముందు నూనె రాసి, రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే తగ్గుతుంది. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అలాంటి మంచి నూనె ద్రావకం. సన్‌స్క్రీన్‌లో ఎండని ఆపే పదార్థాలను, క్రీములోని సువాసనను, లిప్‌స్టిక్ రంగును తనలో కరిగించుకుని లేదా పట్టుకుని చర్మం మీద సమంగా పరుస్తుంది. అత్తరు పలచన చేయడానికి వాడే నూనెల్లో ఇదొకటి. డియోడరెంట్లలో, మేకప్ తుడిచే ద్రవాల్లో దీనికి చాలా ఏళ్ళ చరిత్ర ఉంది.

కరిగించుకున్నదాన్ని ఇది పైనే వదిలేయదు. చర్మం పై పొరలోని కొవ్వుల అమరికను కాస్త వదులు చేసి, తనతో ఉన్నవాటిని లోపలికి పోనిస్తుంది. మందుల కంపెనీలు చర్మం ద్వారా మందు ఎక్కించే లేపనాల్లో, పట్టీల్లో దీన్ని కావాలనే వాడేది ఇందుకే. మందు విషయంలో ఇది వరం. క్రీములోని సువాసనో మరొకటో మీకు పడనిదైతే అదే మీకు తద్దినం.

తయారుచేసేవాళ్ళకి ఇది ఎందుకంత ఇష్టమంటారా? చవక. పైగా దీని కొవ్వు గొలుసులో జంట బంధాలు లేవు కాబట్టి పొద్దుతిరుగుడు నూనెలా త్వరగా ముక్క వాసన కొట్టదు. బెజవాడ గోడౌన్లో మే నెలంతా పడి ఉన్నా తట్టుకుంటుంది.

వరసలో ఎక్కడ కూర్చుందో చూడండి

ఈ అడుగే అన్నిటికన్నా ముఖ్యం. పేరు ఉందా లేదా అన్న ప్రశ్నకన్నా, ఎన్నో పేరు అన్న ప్రశ్న పది రెట్లు పనికొస్తుంది.

జాబితాలో ఫెనాక్సీఇథనాల్ అన్న పేరు వెతకండి. క్రీము చెడిపోకుండా వేసే పదార్థం ఇది. యూరప్ నిబంధనల్లో దీనికి ఒక శాతం దాటకూడదన్న హద్దుంది, మన డబ్బాల్లో కూడా మామూలుగా ఆ పరిమితిలోనే కనిపిస్తుంది. అందుకని దాన్ని మైలురాయిగా వాడుకోవచ్చు. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ దానికి ముందు, అందులోనూ మొదటి ఐదు పేర్లలో ఉంటే, డబ్బాలో అది గట్టిగానే ఉందని అర్థం. ఫెనాక్సీఇథనాల్ తర్వాత, సువాసన పక్కనో రంగుల పక్కనో ఉంటే ఒక శాతం లోపే కావచ్చు. శాంతన్ గమ్, డైసోడియం ఈడీటీఏ లాంటివి కూడా ఇలాంటి మైలురాళ్ళే, అవీ చిటికెడే వేస్తారు.

మా పిల్ల డబ్బాలో వరస ఇలా ఉంది: నీళ్ళు, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం, సెటైల్ ఆల్కహాల్, ఆ తర్వాత చాలా దూరాన కలబంద రసం. ముందువైపు బొమ్మ మాత్రం కలబందది! గ్లిజరిన్ కన్నా పైన ఉందంటే అది ఎక్కడో చుక్క పడిన సరుకు కాదు, ఆ క్రీములో నూనె భాగానికి అదే పెద్ద దిక్కు.

ఎక్కడ రాస్తారు, ఎంతసేపు ఉంచుతారు

మేకప్ తుడిచే ద్రవంలో ఉంటే రెండు నిమిషాల్లో కడిగేస్తారు, భయం లేదు. రాత్రి పడుకునే ముందు మొహానికి రాసి పొద్దున్న దాకా ఉంచే క్రీము అయితే ఎనిమిది గంటల కాపురం. అదే సరుకు మడమలకి, మోచేతులకి అయితే ఎంతసేపున్నా దిగుల్లేదు. అరికాళ్ళలో నూనె గ్రంథులే లేవు, మొటిమ వచ్చే దారే లేదు.

మొహంలో కూడా నుదురు, ముక్కు, గడ్డం నూనె ఊరే చోట్లు. ఛాతీ, వీపు కూడా అంతే. ఇక్కడ పై వరసలో ఉన్న ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వద్దనే నా సలహా, ముఖ్యంగా మొటిమలు వచ్చే వయసు పిల్లలకి. పొడి చర్మం ఉన్న అరవై ఏళ్ళ మనిషి చెంపలకి రాసుకుంటే ఆ మాట అక్కర్లేదు.

ఊరి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏ చల్లటి దేశంలోనో కూర్చుని రాసిన సలహాలు మనకి నేరుగా అతకవు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోత. చెమట, దుమ్ము, దాని మీద చున్నీ, హెల్మెట్ పట్టీ. ఆ పట్టీ రాపిడి ఒక్కటే చాలు దవడ దగ్గర మొటిమలు రావడానికి. ధనుర్మాసంలో నాలుగు వారాలు పెదాలు పగిలాయని కొన్న బరువైన క్రీమునే ఏప్రిల్లో కూడా వాడటం మనకి అలవాటు. కాలానికి తగ్గట్టు చీర మారుస్తాం గానీ క్రీము మార్చం.

కుందేలు చెవి కథ

దీన్ని అయిదుకి అయిదు మార్కుల "మొటిమల నూనె" అని చెప్పే పట్టికలు మీరు చూసే ఉంటారు. ఆ మార్కులు ఎలా వచ్చాయో తెలిస్తే వాటిని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

1972లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్, మిల్స్ అనే ఇద్దరు సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమలకి ఒక పేరు పెట్టి వివరించారు. పదార్థాన్ని కుందేలు చెవి లోపల కొన్ని వారాలు రాసి, అక్కడి రంధ్రాలు ఎంత పూడుకుపోయాయో చూడటం ఆ కాలపు పరీక్ష. ఆ పద్ధతిలోనే 1989లో ఫుల్టన్ సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసిన పట్టిక ఇచ్చాడు. అందులో ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌ది అయిదు. కొబ్బరినూనెది కూడా తక్కువేం కాదు, నాలుగు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "క్రీములెందుకే, హాయిగా కొబ్బరినూనె రాసుకో" అని నా కూతురికి పదో తరగతి నుంచీ నేనే చెప్పాను. దాని నుదురు కుదుటపడటానికి రెండేళ్ళు పట్టింది. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

కుందేలు చెవి మన మొహం కన్నా చాలా త్వరగా స్పందిస్తుంది. పైగా ఒక పదార్థాన్ని విడిగా రాయడం వేరు, పది పదార్థాలతో కలిపి క్రీముగా రాయడం వేరు. 2006లో డ్రేలోస్, డినార్డో అన్నవాళ్ళు ఇలాంటి అనుమానపు పదార్థాలున్న తయారైన క్రీములను మనుషుల మీదే పరీక్షించారు. పదార్థానికి చెడ్డపేరు ఉన్నంత మాత్రాన క్రీము కూడా మొటిమలు తెప్పించాలని లేదని తేలింది. కాబట్టి పట్టికలో అయిదు మార్కులంటే "జాగ్రత్తగా చూడు" అని హెచ్చరిక. అంతే. తీర్పు మాత్రం మీ మొహమే చెప్పాలి.

డబ్బా మీద "నాన్ కామెడోజెనిక్", అంటే రంధ్రాలు పూడ్చదు, అని ఉంటే? అది చెడ్డ గుర్తేమీ కాదు. కాకపోతే ఆ మాట రాయడానికి అందరూ పాటించే ఒకే పరీక్ష అంటూ లేదు. ఆ మాట చదివాక కూడా వెనక జాబితా చదవండి.

తీర్పు మీ మొహంతో చెప్పించండి

మొదట దురద, మంటల సంగతి తేల్చుకోవాలి. మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత మేర, రోజుకి రెండుసార్లు, వారం రోజులు క్రీము రాయండి. ఎర్రబడినా దురద పెట్టినా అక్కడితో ఆపేయండి. ఒక్కరోజు రాసి "ఏమీ కాలేదు" అనుకోవడం సరిపోదు, పడని సరుకు చాలాసార్లు నాలుగో రోజో అయిదో రోజో బయటపడుతుంది.

గుల్లల సంగతికి ఈ పరీక్ష చాలదు. మూసుకుపోయిన రంధ్రం గుల్లగా పైకి తేలడానికి వారాలు పడుతుంది. అందుకని దవడకి ఒక పక్కనే రాయండి, రెండో పక్క వదిలేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు. వారానికోసారి పొద్దున్నే అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో రెండు పక్కలా ఫొటో తీసి పెట్టుకోండి. అద్దంలో రోజూ చూసుకుంటే తేడా తెలియదు, ఫొటోల్లో తెలుస్తుంది. ఈ నెలన్నర వేరే కొత్త సరుకు ఏదీ మొదలుపెట్టకూడదు. రోహిణి కార్తెలో ఈ పరీక్ష పెట్టుకోకండి, చెమటే అన్నిటినీ గందరగోళం చేస్తుంది.

తలనూనెని మరిచిపోవద్దు. మన ఇళ్ళలో ఆడపిల్లలకి రాత్రి నూనె రాసి జడ వేసి పడుకోబెట్టడం రివాజు. ఆ నూనె దిండు మీదికి, దిండు నుంచి నుదుటికి. జుట్టు మొదలయ్యే గీత వెంట మాత్రమే గుల్లలుంటే ముందు తలనూనెనీ హెయిర్ సీరమ్‌నీ అనుమానించండి. మా పిల్ల కేసులో ఇద్దరు దొంగలు దొరికారు. క్రీము మానేశాక దవడ ఆరేడు వారాల్లో నున్నబడింది. నుదురు మాత్రం మొండికేసింది. రాత్రి నూనె మానేసి, తలంటుకి గంట ముందు రాసుకోవడం మొదలుపెట్టాకే దారికొచ్చింది.

అన్ని గుల్లలూ ఒకటి కావు కూడా. మెడ మీద, వీపు మీద ఒక్కసారిగా నీటిపొక్కుల్లా లేచి, చల్లటి గదిలో రెండు మూడు రోజులుంటే పోయేవి చెమటకాయలు. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో వచ్చి, బాగా దురద పెట్టి, మొటిమల క్రీములకి లొంగనివి మలసీజియా అనే ఈస్టు వల్ల కావచ్చు. ఆ ఈస్టుకి కొవ్వు ఆమ్లాలే తిండి, ఉక్కపోతే ఇల్లు. ఇలాంటప్పుడు కొవ్వు ఎస్టర్లున్న క్రీములన్నీ పక్కన పెట్టి చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి, మందు వేరే ఉంటుంది.

మందులు వాడుతుంటే

ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి మొటిమల మందులు రాత్రిపూట రాసుకుంటున్నారా? వాటి మీద ఐసోప్రొపైల్ మిరిస్టేట్ ఎక్కువగా ఉన్న క్రీము సొంతంగా కలిపి రాయకండి. లోపలికి తోసే గుణం ఉందని చెప్పాను కదా, మంట పెరిగే అవకాశం ఉంది. ఏ మాయిశ్చరైజర్ రాయాలో మందు రాసిన డాక్టరునే అడగండి.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే "తెల్లబడే ట్యూబు". దాని మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. మొదటి రెండు వారాలు మొహం అద్దంలా మెరుస్తుంది. తర్వాత మొటిమలు, ఎరుపు, సన్నబడిన చర్మం. తప్పంతా పాపం పక్కనున్న క్రీము మీదికి నెడతారు. అలాంటి ట్యూబు నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టరుని కలవండి.

బదులుగా ఏం కొనాలి, ఇది ఎక్కడ పనికొస్తుంది

మొటిమల చర్మానికి జాబితా పై వరసలో డైమెథికోన్, స్క్వాలేన్, గ్లిజరిన్ లాంటివున్న పలచని జెల్ తరహా మాయిశ్చరైజర్ చూడండి. బెజవాడ ఎండాకాలానికి అదే ఎక్కువ.

మరి ఇంట్లో ఉన్న డబ్బా? వాడుకునే చోట్లు చాలా ఉన్నాయి. కూచిపూడి నాట్యం అయ్యాక, కాలేజీ వార్షికోత్సవం నాటకం అయ్యాక మొహాన పూసిన రంగు వదలడానికి ఈ ఎస్టర్ ఉన్న రిమూవర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దూదితో తుడిచి, వెంటనే ఫేస్‌వాష్‌తో కడిగేయాలి. ఆ రెండో పని మానేసి నిద్రపోతే మాత్రం మళ్ళీ మొదటికి వస్తాం. బొట్టుబిళ్ళ తీశాక మిగిలే జిగురు కూడా దీనితో పోతుంది. ఆసుపత్రుల్లో ప్లాస్టరు జిగురు వదిలించడానికీ ఇలాంటివే వాడతారు. బొట్టుబిళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బిళ్ళ పెట్టే చోట తెల్లటి మచ్చ పడుతుంటే అది క్రీము పని కాదు. కొన్ని బిళ్ళల జిగురులో ఉండే ఒక ఫినాల్ రకం పదార్థం చర్మం రంగుని చంపేస్తుంది. బిళ్ళ మానేసి కుంకుమకి మారి, చర్మవైద్యులకి చూపించండి.

పిల్లల తలలో పేలకి కూడా దీన్ని వాడే దేశాలున్నాయి. బ్రిటన్‌లో సగం ఐసోప్రొపైల్ మిరిస్టేట్, సగం సైక్లోమెథికోన్ ఉన్న ద్రావణం అమ్ముతారు. ఇందులో పురుగుమందు లేదు. పేను ఒంటి మీది మైనపు పూతను కరిగించేస్తే, అది ఒంట్లో నీరు నిలుపుకోలేక ఎండి చస్తుంది. మిర్చి మంటని నూనె లాగినట్టే. అలాగని కెమికల్ షాపులో లీటరు డబ్బా కొని పిల్లల తలకి పోయకండి. అక్కడ దొరికేది ఏ గ్రేడో, అందులో ఇంకేముందో షాపువాడికీ తెలియదు. సబ్బులు, క్రీములు ఇంట్లో చేసుకునేవాళ్ళకీ ఇదే మాట. కాస్మెటిక్ గ్రేడ్ అని రాసి ఉన్నదే కొనండి, గాజు సీసాలో పోసుకోండి. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని ఇది మెత్తబరిచి పాడుచేస్తుంది.

వంటింట్లో ఒక జాగ్రత్త. క్రీము బాగా ఇంకిన చున్నీ, తువ్వాలు, చేతి కట్టు నిప్పుకి త్వరగా అంటుకుంటాయి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఎమోలియెంట్లన్నిటికీ కలిపి ఈ హెచ్చరిక ఇచ్చింది. ఉతికినా పూర్తిగా పోకపోవచ్చు. స్టవ్వు ముందుకి, కార్తీక దీపాల ముందుకి ఆ చున్నీతో వెళ్ళకండి.

ఇంతా చెప్పాక మా పిల్ల డబ్బా వంక అనుమానంగా చూసి, "మరి దీన్నేం చేయను పిన్నీ, నాలుగొందల యాభై పెట్టి కొన్నాను" అంది. అంతలో వాళ్ళమ్మ ఫోన్ చేసింది. మడమలు పగిలి చీర అంచు పట్టుకుంటోందని ఎప్పటినుంచో దాని గోల. డబ్బా ఆదివారం గుంటూరు బస్సెక్కింది.